పంతొమ్మిదో ఎలుగు అరికాళ్ళు

వేడికాలం, 9వ రోజు

ఈ పుస్తకంలో పలకల వేడి, ఎలుగుల లెక్క తప్ప ఇంకేమీ రాయకూడదని, ఈ పలకలు పరిచిన పట్నం పీఠం వాళ్ళ ఆదేశం. సరే, ముందు అవే రాసేస్తాను. పలకల వేడి పొద్దున ఆరింటికి అరవై ఒకటి, మధ్యాహ్నం డెబ్బై నాలుగు. మెత్తలు వేసిన ఎలుగులు ఇరవై ఆరు. మిగతా కాగితం నాది. నాలుగేళ్ళుగా రాస్తున్నాను, చదివిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు.

ఈరోజు పంతొమ్మిదో నంబరు ఎలుగుకు నాలుగు కాళ్ళకూ కొత్త మెత్తలు వేశాను. ఆడది, రెండు పిల్లల తల్లి. నిద్రమందిచ్చి బల్లమీద పడుకోబెట్టి చూస్తే పాత అరికాళ్ళు పెనం మీద మాడిన అట్టులా ఉన్నాయి. పైనుండే గట్టి బెరడంతా పొరలుగా లేచిపోయింది. దాని కింద బతికున్న చర్మం ఎర్రగా తేలింది. అదృష్టం బాగుండి ఆ కింద గదులు గదులుగా ఉండే కొవ్వు చెడలేదు. నూటపది కిలోల ఒళ్ళు నిలబడేది ఆ కొవ్వు గదుల మీదే. అది పోతే నేను కాదు గదా, బ్రహ్మ దిగొచ్చినా ఆ కాలు నిలబెట్టలేడు.

పీఠం వాళ్ళు పంపిన అచ్చులో వేళ్ళ మెత్తలు విడివిడిగా ఉన్నాయి. పట్నంలో కూర్చుని వీధికుక్క కాలు చూసి చేశారు కాబోలు. మన అడవి ఎలుగుకు వేళ్ళ మెత్తల మధ్య బోడి చర్మం ఉంటుంది, అన్నిటినీ కలిపి పట్టుకుంటుంది. ఆ ముక్క వాళ్ళకు ఎవరు చెప్పాలి? నేనే అచ్చు దిద్ది యంత్రంలో మెత్తలు పెంచాను.

కత్తి పెట్టేముందు ఎప్పటిలాగే దాని కాలు ముట్టుకుని "పెద్దవ్వా, తప్పు కాయి" అనుకున్నాను. మా ఇంట్లో ఎలుగును పేరుపెట్టి పిలవరు. ఆడదైతే పెద్దవ్వ, మగదైతే పెద్దతాత. మా తాత పుల్లయ్య తోలుపని చేసేవాడు. లంద గుంటలో తంగేడు చెక్క నీళ్ళు పోసి ఎన్నో తోళ్ళు నానేసి పదును చేశాడు గానీ ఎలుగు తోలు తెస్తే మాత్రం తెచ్చినవాణ్ణి గుమ్మం తొక్కనిచ్చేవాడు కాదు. అలాంటివాడి మనవరాలిని, ఇప్పుడు ఎలుగులకు చెప్పులు కుడుతున్నాను.

కుట్టకపోతే వాటికి గతిలేదు. ఈ గేటు దగ్గర్నుంచి గుండంగుట్ట దాకా పదకొండు కిలోమీటర్లు ఒకటే నల్ల పలక. ఎండను దాచుకోవడానికి పరిచిన పలకలు, తెల్లవారినా చల్లారవు. అడవి అటొక ముక్క, ఇటొక ముక్క అయింది. చెదపుట్టలు, ఇప్పచెట్లు అటు. నీళ్ళు ఇటు. మూణ్ణాలుగు రోజులకోసారి దాటక తప్పదు. పిల్లలకు ఎదిగే కాళ్ళు కాబట్టి మెత్తలు అతకవు. వాటికోసం రెండు గేట్ల దగ్గరా లేపనం తొట్లు కట్టాం. అందులో దిగి నడిస్తే పిల్ల కాలికి పది గంటలు కాపుంటుంది. పెద్దవాటి బరువుకు ఆ లేపనం ఒక్క కిలోమీటరు కూడా ఆగదు.

మెత్తల విషయంలో ఒక గొప్ప చెప్పుకోవాలి. రెండేళ్ళ కిందటి దాకా అవి నలభై రోజులకే ఊడేవి. అరికాలికి చెమట పడుతుంది, ఆ చెమట జిగురును కరిగించేది. చెమట రంధ్రాలు మూసేయమన్నది నేనే. తడి తోలుకు శత్రువు. మా ఇంట్లో పాలుతాగే పిల్లకు కూడా తెలిసిన సంగతి అది. అప్పట్నుంచి రెండేళ్ళయినా ఒక్క మెత్త ఊడలేదు. పీఠం వాళ్ళు శాలువా కప్పారు, నా మాటను పెద్ద అక్షరాలతో రాయించి ఇక్కడి గోడకు తగిలించారు. దానికింద నా పేరు కూడా ఉంది, సుంకులమ్మ అని.

వేడికాలం, 16వ రోజు

పదకొండో ఎలుగు చచ్చిపోయింది. పలకల మధ్యలో, గుండంగుట్ట ఇంకా నాలుగు కిలోమీటర్లు ఉందనగా. కెమెరాలో చూశాను. తిన్నగా సగం దూరం పోయింది, ఆగింది, పలకను వాసన చూసింది, వెనక్కి తిరిగింది, మళ్ళీ ఆగింది. అలా తిరిగి తిరిగి మధ్యాహ్నానికి కూలబడింది.

పట్నం నుంచి సుధీంద్ర గారు తెరమీద కనిపించి "వడదెబ్బ అని రాయండి" అన్నారు. ఆయన మా పర్యవేక్షకుడు. మనిషి చెడ్డవాడు కాదు గానీ ఇంతవరకు ఎలుగును బతికుండగా చూడలేదు.

గేటు దగ్గర కాపలా ఉండే బయ్యన్న ఒప్పుకోలేదు. ఆయన చెంచుపెద్ద, ఈ పలకలు రాకముందు ఇక్కడ అడవి ఉన్నప్పుడు ఏ చెట్టు ఎక్కడుందో చెప్పగలడు. నేను పెద్దనాయినా అని పిలుస్తాను.

"వడదెబ్బ గాదు బిడ్డా. ఇది తొవ్వ మర్సిపోయింది."

"ఎలుగు తొవ్వ మరుస్తుందా పెద్దనాయినా?"

"నా పుట్టి బుద్ధెరిగినకాడికెల్లి సూడలే. అందుకే జెప్తున్న."

వడదెబ్బ అనే రాశాను.

వేడికాలం, 20వ రోజు

ఏడో ఎలుగు కూడా అలాగే పోయింది. కోసి చూశాను. పొట్టలో చెదలు, గుండె మామూలుగానే ఉంది. మెత్తలు కొత్తవాటిలా నిగనిగలాడుతున్నాయి. సిగ్గులేకుండా రాస్తున్నాను, వాటిని చూసి ఒక్క క్షణం సంతోషపడ్డాను. చెప్పులు బాగున్నాయి, తొడుక్కున్నదే లేదు.

వేడికాలం, 23వ రోజు

పంతొమ్మిదోది పొద్దున గుట్ట నుంచి బయల్దేరింది. మొన్నటిదాకా పిల్లలు రెండూ వీపు మీది జూలు పట్టుకుని ఊరేగేవి. ఇప్పుడు బరువెక్కాయి, మోయలేక దించేసింది. వెనకాల నడుచుకుంటూ వస్తున్నాయి.

గేటు చేరేసరికి మధ్యాహ్నం దాటింది, తల్లి వెనక ఒకటే పిల్ల. అది తల్లి తోక దగ్గర్నుంచి కదలకుండా వచ్చింది కాబట్టి చేరింది. తల్లి వెనక్కి తిరిగి చూసి అరిచింది. గాలి ఎదురుగా వీస్తోంది, అరుపు ఎంతదూరం పోతుంది? తన అడుగులు వాసన చూసుకుంటూ వెనక్కి పోయింది. యాభై అడుగులు పోయి, ముక్కు పైకెత్తి, మళ్ళీ వచ్చింది. ఇంకోవైపు పోయింది. మళ్ళీ వచ్చింది. తను వచ్చిన దారి తనకే దొరకలేదు.

రెండో పిల్ల మూడు కిలోమీటర్ల అవతల ఉంది. కెమెరాలో కనిపిస్తూనే ఉంది. ముక్కు పలకకు ఆనించి గుండ్రంగా తిరుగుతోంది. బండి పంపమని సుధీంద్ర గారిని అడిగాను. పక్క గేటు నుంచి రావాలి, సాయంత్రం అవుతుందన్నారు. పలక బూట్లు తొడుక్కుని నేనూ బయ్యన్నా నడిచాం. మేం పోయేసరికి లేపనం అరిగిపోయింది. పిల్ల ముందుకాళ్ళు నోట్లో పెట్టుకుని పడుకుని ఉంది. నేను ఎత్తుకున్నాక కాసేపు బతికింది. గేటు దాకా రాలేదు.

వేడికాలం, 24వ రోజు

ఈరోజు నాకు తెలిసింది. నాలుగేళ్ళ చదువు, రెండేళ్ళ శాలువా ఒక్క నిమిషంలో గంగలో కలిశాయి.

నీడపట్టున, రాతిబండలు పరిచిన పెరట్లో పంతొమ్మిదోదాన్నీ, మిగిలిన ఆ ఒక్క పిల్లనూ ఉంచాం. తల్లి నీళ్ళ తొట్టి దగ్గరికి పోయి, అక్కణ్ణుంచి గోడ మలుపు తిరిగింది. పిల్ల కునుకు తీసి లేచేసరికి తల్లి కనపడలేదు. బండమీద ముక్కు పెట్టి వెతికింది. అంతకుముందే బయ్యన్న వట్టికాళ్ళతో ఆ పెరట్లోంచి తన గుడిసెవైపు పోయాడు. పిల్ల గబగబా ఆయన అడుగుజాడ పట్టుకుని ఆయన గుడిసెలోకి పోయింది. తల్లి గోడ మలుపు అవతలే ఉంది.

బయ్యన్న దాన్ని చంకనేసుకుని వచ్చాడు. నవ్వుతున్నాడనుకున్నాను, నవ్వట్లేదు.

"సూడు బిడ్డా, దీనికి అమ్మకంటే నేనే ఎరుకైన. అమ్మకు కాలున్నది గని అడుగు లేదు."

మా తాత చెప్పులకు కొలత తీసే పద్ధతి గుర్తొచ్చింది. వచ్చినవాళ్ళను కాలు తడుపుకుని బండమీద నిలబడమనేవాడు. ఆ తడి మరక చూసి గీత గీసేవాడు. మడమ ఎక్కడ ఒత్తుతుంది, బొటనవేలు ఎటు పోతుంది, అన్నీ ఆ మరకలోనే చెప్పేవాడు. నేను వెంటనే బయ్యన్నను బండమీద నిలబెట్టాను. కాలెత్తితే పొగమంచంత సన్నటి తడి, రెండు నిమిషాల్లో ఆరింది. పిల్లను నిలబెట్టాను, నిన్నటి లేపనం వదిలిపోయిన కాళ్ళు. తడి. తల్లికి బెల్లం ముద్ద చూపించి అదే బండ మీదికి రప్పించాను. అది కాలెత్తాక బండ పొడిగా ఉంది. చేత్తో తడిమి చూశాను, నాలుకతో కూడా చూశాను. ఏమీ లేదు.

ఒళ్ళంతా జుట్టున్న జంతువుకు అసలు చెమట పట్టేది అక్కడే, అరికాళ్ళలో. ఆ చెమట జారకుండా పట్టుకోవడానికి మాత్రమే అనుకున్నాను. అది దాని సంతకమని నాకు తట్టలేదు. మట్టి ఉన్నప్పుడైతే గడ్డీ గాదం నలిగి దారి తెలిసేది. పలకల మీద ఏముంది? నిరుటి దాకా దుమ్మైనా ఉండేది, ఈ ఏడు నుంచి రోజూ తెల్లవారగానే యంత్రాలొచ్చి కడిగి పోతున్నాయి. అంత నలుపులో ఎలుగు చదువుకోగలిగింది ఎలుగు అడుగొక్కటే. దాన్ని నేను మూసేశాను.

తడి తోలుకు శత్రువు అన్న మాట అబద్ధం కాదు. చచ్చిన తోలుకు. మా తాత చేతికి వచ్చినవన్నీ చచ్చిన తోళ్ళే. ఆ బుద్ధి తీసుకొచ్చి బతికున్న తోలు మీద పెట్టాను. ఇంత చదివీ, నాకు తేడా తెలియలేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, ఆ వైద్యం చేసింది నేనే.

వేడికాలం, 25వ రోజు

సుధీంద్ర గారికి అంతా చెప్పాను. పదకొండు, ఏడు, పిల్ల. ముగ్గురినీ చంపింది వడదెబ్బ కాదని, నేనని.

"రంధ్రాలు తెరిస్తే మెత్తలు ఎన్నాళ్ళు ఆగుతాయి?" అని అడిగారు.

"నలభై రోజులు. నలభై రోజులకోసారి మారుస్తాను. చాకిరీ నాది కదా."

"సుంకులమ్మ గారూ, రెండేళ్ళు ఆగే మెత్తలున్నాయని చెప్పే కదా పలకల అనుమతి పొడిగించుకున్నాం. నలభై రోజులంటే మళ్ళీ మొదటికొస్తుంది. పైగా ఆ వాక్యం మీదే, గోడమీద మీ పేరే ఉంది."

"గోడమీదిది తీసేయండి."

"కావాలంటే ఎలుగు వాసన సీసాలు పంపిస్తాం, మెత్తలకు రాయండి."

"అన్నిటికీ ఒకటే వాసనా?"

"ఒకటైతే ఏమైంది?"

ఊళ్ళో అందరికీ ఒకటే మొహం పెడితే ఏమవుతుందో ఈయనకు ఎలా చెప్పాలి? చెవిటివాడి ముందు శంఖం ఊది వచ్చి కూర్చున్నాను. మెత్తల జోలికి పోవద్దని సాయంత్రం రాతపూర్వకంగా ఆదేశం వచ్చింది.

వేడికాలం, 27వ రోజు

ఆదేశం చదివాను. చదివి, ఇంటినుంచి తెచ్చుకున్న పెట్టెలోంచి మా తాత ఆరె తీశాను. చెప్పు కుట్టడానికి తోలులో బెజ్జం పొడిచే సాధనం, పిడి ఆయన చెమటకు నల్లబడి ఉంది.

పంతొమ్మిదోదానికి నిద్రమందిచ్చాను. "పెద్దవ్వా, తప్పు కాయి" అని ఈసారి గట్టిగానే అన్నాను. కాలికి మూడువందల బెజ్జాలు. మెత్తను దాటి, చర్మం దాటి, కొవ్వు మొదలయ్యేదాకా పొడవాలి. చెమట తిత్తులు ఉండలు చుట్టుకుని ఉండేది అక్కడ. అవి ఎండిపోయి ఉంటాయేమోనని నా భయం. రెండు కాళ్ళు పూర్తయ్యాయి, ఏమీ రాలేదు. బయ్యన్న పిల్లను ఒళ్ళో పెట్టుకుని చూస్తున్నాడు.

"ఉరుకుతవెందుకు? ఊకో జరసేపు" అన్నాడు.

మూడో కాలు సగంలో ఉండగా మొదటి కాలి మెత్త మసకబారింది. వేలుపెట్టి చూశాను. తడి. అన్నాళ్ళూ అక్కడే ఉండి, బయటికి దారి లేక కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది. పిల్ల బయ్యన్న ఒళ్ళోంచి దిగి వచ్చి ఆ మెత్తకు ముక్కు ఆనించి, అక్కడే తల్లి కాళ్ళ దగ్గర పడుకుంది.

వేడికాలం, 28వ రోజు

దాటాయి! పలక మీద తల్లి అడుగు పడి ఆరిపోవడం కెమెరాలో కనిపించింది. ఆరినా పిల్ల ముక్కుకు అందుతోంది. ఒకచోట రెండువందల గజాలు వెనకబడింది. ముక్కు నేలకు రాసుకుంటూ తిన్నగా నడిచి తల్లిని కలుసుకుంది. బయ్యన్న, నేను గేటు దగ్గర బెల్లంటీ తాగాం.

వేడికాలం, 41వ రోజు

ఇప్పటికి ఐదు ఎలుగులకు బెజ్జాలు పొడిచాను. ఒక్కటీ దారి తప్పలేదు. ఆరోదానికి పొడుస్తుండగా తెరమీద సుధీంద్ర గారు. కెమెరాలు మాకే కాదు, వాళ్ళకూ ఉంటాయి కదా. మెత్తలు పెంచే యంత్రానికి పట్నం నుంచే తాళం వేశారు. విచారణ అయ్యేదాకా కొత్త మెత్త ఒక్కటీ రాదు. నన్ను పంపేద్దామంటే ఈ ఎండలోకి రావడానికి ఇంకో మనిషి దొరకలేదు, అందుకే ఉంచారు.

వేడికాలం, 58వ రోజు

తాళం తీయమని ఇప్పటికి తొమ్మిది ఉత్తరాలు రాశాను. పంతొమ్మిదోదానికి నలభై రోజుల గడువు దగ్గరపడింది. మెత్త అంచులు లేస్తున్నాయి. "పరిశీలనలో ఉంది" అని జవాబు. పెరట్లో ఆపేద్దామని చూశాం, గేటు విరగ్గొట్టుకుని పోయింది. అటువైపు ఇప్పపళ్ళ కాలం, ఆగుతుందా?

వేడికాలం, 66వ రోజు

పొద్దున గుట్ట నుంచి ఇటు బయల్దేరాయి. గేటుకు రెండు కిలోమీటర్లు ఉందనగా ముందుకాలి మెత్త ఊడిపోయింది. ఇంకాస్త నడిచాక రెండోది. పంతొమ్మిదోది పలకల మీద కూర్చుండిపోయింది.

పిల్ల పక్కన కూర్చుంది. ఇదివరకైతే తప్పిపోయేది. ఇప్పుడు తల్లి ఎక్కడుందో దానికి బాగా తెలుసు, అందుకే కదలట్లేదు. దాని కాళ్ళ లేపనం ఎప్పుడు వేసుకుందో లెక్క చూశాను. ఇంకో మూడు గంటలు.

బండి అడిగాను. సాయంత్రం అన్నారు. ఎప్పుడూ సాయంత్రమే.

నేనూ బయ్యన్నా పోయాం. తల్లి మమ్మల్ని చూసి లేవబోయి లేవలేకపోయింది. కింద బతికున్న చర్మం పలకకు అంటుకుంటోంది. తాగడానికి ఒక సీసా ఉంచి, తెచ్చిన నీళ్ళన్నీ దాని కాళ్ళ మీద పోశాను, పోసినంతసేపూ ఆవిరే. కొవ్వు గదులు కూడా కాలాయి. ఇక ఆ కాళ్ళు ఎవరివల్లా కావు. నిద్రమందు ఉన్నదంతా ఇచ్చాను. "పెద్దవ్వా" అన్నాను. తప్పు కాయమని అడగడానికి నోరు రాలేదు.

అది నిద్రపోయాక కూడా పిల్ల రాదు. ఎత్తుకోబోతే బయ్యన్న చెయ్యి కరిచింది. తొమ్మిది నెలల ఎలుగు, కరుస్తూ పెనుగులాడుతుంటే ఇద్దరం కలిసినా రెండు కిలోమీటర్లు మోయలేం. మందు మిగల్లేదు. బయ్యన్న చేతికి గుడ్డ చుట్టుకుంటూ అన్నాడు.

"అమ్మ లేస్తేనే ఇది లేస్తది."

ఊడిన మెత్త అక్కడే పడి ఉంది. తీసి చూశాను. మూడువందల బెజ్జాలు, ఇంకా తడిగానే ఉంది. నడుముకున్న తాడు విప్పి, మెత్తకు కట్టి, పలకమీద పెట్టి, మెల్లగా లాగుతూ వెనక్కి నడిచాను. సన్నటి తడి గీత పడింది. పిల్ల తల్లిని చూసింది, గీతను చూసింది. ముక్కు కిందికి పెట్టింది. ఒక అడుగు వేసింది.

రెండు కిలోమీటర్లు వెనక్కి నడిచాను. దాని కళ్ళలోకి చూడలేక దాని కాళ్ళనే చూస్తూ నడిచాను. మెత్త ఆరిపోయినప్పుడల్లా బయ్యన్న మిగిలిన తాగే నీళ్ళు చుక్కచుక్కగా పోశాడు. అమ్మ ముందు నడుస్తోందనుకుని అది గేటులోకి వచ్చింది.

వేడికాలం, 67వ రోజు

పలకల వేడి డెబ్బై ఆరు. మెత్తలు వేసిన ఎలుగులు ఇరవై మూడు.

పీఠం నుంచి కాగితం వచ్చింది. పంతొమ్మిదోదాని మెత్తలు ముప్పైతొమ్మిది రోజులకే ఊడినందుకు నేను కారణం గుర్తుపెట్టి సంతకం చేయాలి. మూడు గళ్ళున్నాయి: అరుగుదల, కోత, తడి. పలకలు అని ఎక్కడా లేదు. నాలుగో గడి నేనే గీసి, అందులో ఆ మాట రాసి, సంతకం చేసి పంపాను. చదివినవాడుంటే చూసుకుంటాడు.

ఆ మెత్తను కూడా పంపమన్నారు. పంపలేదు. పిల్ల దాన్ని గడ్డం కింద పెట్టుకుని పెరట్లో పడుకుంది. ఆరిపోయినప్పుడల్లా లేచి మూలుగుతూ పెరడంతా వెతుకుతుంది. అందుకని గంటకోసారి పోయి దానిమీద నీళ్ళు చల్లుతున్నాను. తడిస్తే నాలుగు రోజుల్లో కుళ్ళిపోతుందని నాకంటే బాగా ఎవరికీ తెలియదు.

"నాల్గు దినాలైనంక ఏం జేస్తవ్ బిడ్డా?" అని బయ్యన్న అడిగాడు.

చెంబు ముంచుకుని మళ్ళీ పెరట్లోకి పోయాను.